ముందు గ్రిప్ చూడండి

టార్గెట్ ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో కాల్చే పోటీ పిస్టల్) కొనేవాళ్లు బ్యారెల్ కచ్చితత్వమే చూడాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. స్టైయర్, మోరిని, వాల్తర్, ఏ కంపెనీది తీసుకున్నా 10 మీటర్ల దూరంలో పిస్టల్ మనకంటే బాగానే కొడుతుంది. తేడా అంతా గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) దగ్గరే. రేంజ్‌లో ఖాళీ పిస్టల్‌ని టార్గెట్ వైపు చాపి, ఒక్క క్షణం కళ్లు మూసి తెరవండి. బ్యారెల్ కొస మీదున్న ముందు సైటు (గురి చూసే పుల్ల), వెనక సైటు గాడికి మధ్యలోనే ఉంటే ఆ గ్రిప్ మీ చేతికి సరిపోయినట్టే. పక్కకు పోతోందంటే సైజు మార్చాలి, లేదా గ్రిప్ చెక్కను కొద్దికొద్దిగా అరగదీయించాలి. నేను పెద్ద సైజు కొనేసి ఏడాదంతా మణికట్టుతో కుస్తీ పట్టాను. ట్రిగ్గర్ బరువు (దాన్ని లాగడానికి పట్టే బలం) పోటీ నిబంధన ప్రకారం కనీసం 500 గ్రాములుండాలి, ఇంకా తేలిక చేయించకండి. సెకండ్ హ్యాండ్‌దైతే గాలి సిలిండర్ మీద తేదీ తప్పకుండా చూడండి. గడువు దాటినదాన్ని నింపకూడదు.