అరికాలిలో గుండె పాయింటు లేదు

రంగురంగుల పాదం బొమ్మతో ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. బొటనవేలిలో మెదడు పాయింటు, ఎడమ పాదంలో గుండె పాయింటు ఉంటాయని, నొక్కితే 'రిఫ్లెక్స్' పుట్టి ఆ అవయవం బాగుపడుతుందని అందులో ఉంది. షుగర్ ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా ఎండకు కాగిన బండల మీద నడిస్తే తిమ్మిర్లు పోతాయని కూడా రాశారు. ఈ చివరి మాట నమ్మితే కాలికే ప్రమాదం. అందుకే ఈ జవాబు.

"అన్ని అవయవాల నరాలూ అరికాలిలో కలుస్తాయి."

కలవవు. అరికాలి చర్మంలో ఉండేవి స్పర్శ, ఒత్తిడి, కంపనం, వేడి, చల్లదనం, నొప్పి పసిగట్టే గ్రాహకాలు. తేలికపాటి స్పర్శను మైస్నర్ కణికలు, కంపనాన్ని లోపలి పొరలోని పసీనియన్ కణికలు పట్టుకుంటాయి. నొప్పినీ వేడినీ పట్టుకునేవి విడిగా ఉండే నరాల కొసలు. ఈ కబుర్లన్నీ సయాటిక్ నరం గుండా వెన్నుపాము అడుగు భాగానికి చేరతాయి. గుండె నొప్పి కబురు మాత్రం ఛాతీ పైభాగం దగ్గర వెన్నుపాములోకి వస్తుంది. ఎడమ చేతి లోపలి వైపు నరాలు కూడా అక్కడికే చేరతాయి కాబట్టి మెదడు పొరబడి, గుండెపోటులో చెయ్యి లాగుతున్నట్టు అనిపిస్తుంది. గుండెకు అలాంటి చుట్టరికం చేతితో ఉంది, పాదంతో లేదు.

ఇక ఆ బొమ్మ శరీరాన్ని కోసి చూసి గీసింది కాదు. అమెరికాలో విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు 1910ల్లో శరీరాన్ని పది నిలువు పట్టీలుగా ఊహించారు. 1930ల్లో యూనిస్ ఇంగామ్ దాన్ని పాదం మీదికి తెచ్చారు.

"నొక్కితే రిఫ్లెక్స్ పుడుతుంది."

ముల్లు గుచ్చుకోగానే, నొప్పి తెలిసేలోపే, కాలు పైకి లేస్తుంది. అదే క్షణంలో రెండో కాలు బిగుసుకుని మనం పడిపోకుండా ఆపుతుంది. వెన్నుపాము స్థాయిలోనే జరిగిపోయే ఈ పనే రిఫ్లెక్స్. డాక్టరు అరికాలి అంచున గీసి వేళ్లు ఎటు వంగాయో చూడటం కూడా అలాంటిదే. ఫ్రాన్స్‌లో నరాల డాక్టరు బాబిన్‌స్కీ 1896లో వివరించిన ఆ పరీక్షతో మెదడు నుంచి వచ్చే దారి దెబ్బతిందో లేదో తెలుస్తుంది. అది పరీక్షే, వైద్యం కాదు. పాదాలు పిసికితే హాయిగా ఉంటుంది, నిజమే. ఆ హాయి కాలేయాన్ని బాగుచేయదు.

"మంట పుడితే నరాలు మేలుకుంటున్నట్టు."

ఇది చదివితే నాకు భయమేస్తుంది. చర్మం సుమారు 43 డిగ్రీలు దాటితే నరాల కొసల్లోని టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ తెరుచుకుని మంట కబురు పంపుతుంది. దాన్ని గుర్తించినందుకే అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. షుగర్ ముదిరితే పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయి, అందుకే తిమ్మిరి కాలివేళ్ల దగ్గర మొదలవుతుంది. మంటలు, చీమలు పాకినట్టుండటం దెబ్బతిన్న నరం పంపే తప్పుడు కబుర్లు. ఆ కొసలు పనిచేయడం మానేశాక కబురే వెళ్లదు, కాలు వెనక్కి రాదు. ఏప్రిల్, మే నెలల్లో గుడి ప్రదక్షిణ చేసి ఇంటికొచ్చాక గానీ బొబ్బలు కనపడవు. దర్శనానికి ఎండ ఎక్కకముందే వెళ్లండి.

షుగర్ ఉంటే ఏడాదికోసారి పాదాల పరీక్ష అడిగి చేయించుకోండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ దారంతో స్పర్శ, ట్యూనింగ్ ఫోర్క్‌తో కంపనం, చిన్న సుత్తితో మడమ రిఫ్లెక్స్ చూస్తారు. కొన్ని నిమిషాల పని. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి, వంగలేకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. పుండు కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.