రిఫరల్ అడిగేది మేలో, సాయం కావాల్సింది ఆగస్టులో

మే నెల వచ్చిందంటే అమెరికాలో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లన్నీ ఒకేలా ఉంటాయి. "నమస్తే అన్నయ్యా, మా పెద్దమ్మ వాళ్ళ మనవడికి ఈ నెల్లో ఎమ్మెస్ అయిపోతోంది, చాలా మంచి కుర్రాడు, ఎక్కడైనా ఓపెనింగ్స్ ఉంటే చూడండి, రెజ్యూమే పెడుతున్నా." కింద పదిమంది దండం ఎమోజీలు పెడతారు, ఇద్దరు పర్సనల్‌గా మెసేజ్ చెయ్యమంటారు, ఆ ఇద్దరిలో ఒకాయన కన్సల్టెన్సీ, అంటే పర్సెంటేజ్ తీసుకుని ఉద్యోగాలు చూపించే ఏజెంట్. ఆ రెజ్యూమే తెరిచి చూస్తే మూడు పేజీలు, మొదట్లోనే నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, చివర్లో పైన రాసినవన్నీ నిజమేనని డిక్లరేషన్, దాని కింద సంతకానికి ఒక గీత. అంటే రెండేళ్ళు ఇక్కడ చదివి కూడా యూనివర్సిటీ కెరీర్ సెంటర్ గుమ్మం ఒక్కసారీ తొక్కలేదన్నమాట. అది నడిచేది కూడా వాడు కట్టిన ఫీజు డబ్బులతోనే.

పిల్లలని తిట్టడానికి రాయట్లేదు ఇది. తిట్టాల్సి వస్తే మనల్ని మనమే తిట్టుకోవాలి, ఎందుకంటే మన తెలుగు సంఘాలు స్టూడెంట్స్‌కి చేసే సాయం అంతా అయితే మరీ ముందు, లేకపోతే మరీ ఆలస్యం. ఆగస్టులో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి పికప్ చేసుకుంటాం, రెండు రోజులు అన్నం పెడతాం, కుక్కర్లు, పరుపులు ఇస్తాం, చాలా మంచి పని. తర్వాత మళ్ళీ కనపడేది దీపావళికి స్టేజ్ వెనక కుర్చీలు సర్దడానికి వాలంటీర్లు కావాల్సొచ్చినప్పుడు. ఆ తర్వాత మేలో రెజ్యూమే. మధ్యలో ఉన్న రెండేళ్ళలోనే అసలు కథంతా అయిపోతుంది, అక్కడ మనం ఉండం.

ఇక్కడి క్యాలెండర్ ఎంత నిర్దయగా ఉంటుందో ఎవరూ వాళ్ళకి చెప్పరు. ఫాల్‌లో వచ్చిన వాడు ఆగస్టు మూడో వారంలో దిగుతాడు, రూమ్ వెతుక్కోవాలి, బ్యాంక్ అకౌంట్, ఫోన్, క్యాంపస్ డైనింగ్‌లో వారానికి 20 గంటల పని కోసం లైన్లో నిలబడాలి, అది దొరికితే సోషల్ సెక్యూరిటీ నంబర్ కోసం తిరగాలి. సరిగ్గా అదే సెప్టెంబర్, అక్టోబర్‌లలో యూనివర్సిటీలో కెరీర్ ఫెయిర్లు జరుగుతాయి, పెద్ద కంపెనీలు వచ్చే సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లకి అప్పుడే అప్లికేషన్లు తీసుకుంటాయి. వీడు ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక తీరిగ్గా వెతకడం మొదలుపెడతాడు, అది పెళ్ళి రోజు పొద్దున్న సంబంధాలు చూడటం లాంటిది. స్ప్రింగ్‌లో, అంటే జనవరిలో, వచ్చిన వాళ్ళ పరిస్థితి ఇంకా ఇబ్బంది, సీపీటీ (చదువుతుండగా ఇంటర్న్‌షిప్ చెయ్యడానికి అనుమతి) కావాలంటే మామూలుగా ఒక పూర్తి అకడమిక్ ఇయర్ అవ్వాలి కాబట్టి చాలా యూనివర్సిటీల్లో వాళ్ళకి మొదటి సమ్మర్‌కి ఇంటర్న్‌షిప్ కుదరదు, ఆ సమ్మర్‌లో ప్రొఫెసర్ దగ్గర ఆన్ క్యాంపస్ ప్రాజెక్ట్ ఏదైనా పట్టుకోవాలి. ఈ సంగతి జనవరికి టికెట్ బుక్ చేసుకునే ముందు ఎంతమందికి తెలుసంటారు? హైదరాబాద్‌లో అడ్మిషన్ ఇప్పించిన ఆఫీస్ చెప్పదు, వాళ్ళకి ఏ ఇన్‌టేక్ అయినా ఒకటే కమిషన్.

ఇక చదువు అయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి. కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు, ముగిశాక 60 రోజుల దాకా టైమ్ ఉంటుంది. మొదలయ్యాక 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు, కాకపోతే ఆ 24 నెలలకి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే గవర్నమెంట్ సిస్టమ్) ఉండాలి, ఐ-983 అని ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టాలి. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు, స్టెమ్ పొడిగింపు వస్తే అన్నీ కలిపి 150. ఊళ్ళో ఇల్లు తాకట్టులో ఉంది, బ్యాంక్ లోన్ వడ్డీ పెరుగుతోంది, ఫోన్‌లో అమ్మ రోజూ "ఏమన్నా వచ్చిందా నాన్నా" అని అడుగుతుంది, 60వ రోజు దాటాక కుర్రాడికి నిద్ర పట్టదు. సరిగ్గా అప్పుడే ఫోన్ వస్తుంది, "తమ్ముడూ మేం చూసుకుంటాం, ట్రైనింగ్ ఇస్తాం, గెస్ట్ హౌస్ ఉంది, రెజ్యూమే మేమే చేస్తాం, మార్కెటింగ్ మాది, పర్సెంటేజ్ తర్వాత మాట్లాడుకుందాం."

తర్వాత ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు, పైకి మాట్లాడం అంతే. లేని ఏడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ రాస్తారు, పేరు తెలియని ఊళ్ళో పేరు తెలియని క్లయింట్ పెడతారు, వాడి బదులు ఇంకొకరు ఇచ్చే ప్రాక్సీ ఇంటర్వ్యూ, జాబ్ వచ్చాక ఇండియా నుంచి రాత్రిళ్ళు ఎవరో వాడి పని చేసిపెట్టే జాబ్ సపోర్ట్. కొన్నిచోట్ల వాడి డబ్బులతోనే వాడికి పేరోల్ నడుపుతారు. అన్ని కన్సల్టెన్సీలూ అలాంటివని అనట్లేదు, నిజంగా ప్రాజెక్టులు ఉన్నవీ, నిజాయితీగా జీతం ఇచ్చేవీ ఉన్నాయి, మనలో చాలామంది మొదటి ఉద్యోగం అలాగే వచ్చింది. కానీ దొంగ ఎక్స్‌పీరియన్స్ ఒకప్పుడు "అందరూ చేసేదే కదా" అనుకుని దాటేసినంత తేలిక కాదు ఇప్పుడు. 2020 అక్టోబర్‌లో ఇమిగ్రేషన్ పోలీసులు, ఐస్ వాళ్ళు, ఓపీటీ మీద ఉన్న 15 మంది స్టూడెంట్స్‌ని అరెస్ట్ చేశారు, అందులో 11 మంది మన ఇండియా వాళ్ళు, పని చేస్తున్నామని చూపించిన కంపెనీలే అసలు లేవు. అబద్ధపు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇమిగ్రేషన్ పేపర్లలోకి ఎక్కి, కావాలని చెప్పిన అబద్ధం అని తేలిందంటే, మినహాయింపు (వేవర్) దొరికితే తప్ప జీవితాంతం ఈ దేశంలోకి రానివ్వకపోవచ్చు.

అంతకుముందు సంగతులూ మర్చిపోకూడదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టారు, ఇక్కడా అక్కడా ఎంత గోల అయిందో. 2019 జనవరిలో మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ, అది గవర్నమెంటే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అని బయటపడింది, పట్టుబడ్డ వాళ్ళలో ఎక్కువ మంది మనవాళ్ళే, వాళ్ళని చేర్పించారని కేసులు పెట్టిన ఎనిమిది మందీ మనవాళ్ళే. అప్పుడు తెలుగు సంఘాలు వెంటనే లాయర్లతో మాట్లాడించాయి, వెబినార్లు పెట్టాయి. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వాళ్ళ ఎమర్జెన్సీ సాయం బృందం టీమ్ స్క్వేర్ లాంటివి యాక్సిడెంట్ అయినా, ప్రాణం పోయినా అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతాయి. కష్టం వస్తే మనవాళ్ళు కదిలినంత వేగంగా ఇంకెవరూ కదలరు, నాకు ఆ విషయంలో గర్వమే. కష్టం రాకుండా ముందు చెయ్యాల్సిన పని దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక కెరీర్ సెమినార్ పెట్టి చేతులు దులుపుకుంటాం.

ఆ సెమినార్ల గురించి ఒక మాట. కన్వెన్షన్‌లో చిన్న హాలు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, స్టేజ్ మీద ముగ్గురు పెద్ద పొజిషన్లో ఉన్నవాళ్ళు. వాళ్ళు 1998లో రెండు సూట్‌కేసులతో దిగిన కథ చెప్తారు, కష్టపడితే ఫలితం ఉంటుందంటారు, చప్పట్లు. వాళ్ళు వచ్చినప్పుడు కంపెనీలు వైటూకే, అంటే 2000 సంవత్సరం కోసం కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పని కోసం మనుషుల్ని వెతుక్కుంటున్నాయి. 2025 మార్చిలో ఉద్యోగ వీసా హెచ్1బి లాటరీ కోసం 3,43,981 అర్హమైన రిజిస్ట్రేషన్లు వస్తే 1,20,141 మాత్రమే సెలెక్ట్ అయ్యాయి, అదే సెప్టెంబర్‌లో కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు అన్నారు, ఇక్కడే చదువుకుని స్టేటస్ మార్చుకునే వాళ్ళకి అది వర్తించదని క్లారిటీ రావడానికి నెల పట్టింది, ఆ నెలంతా పిల్లలు ఎలా గడిపారో వాళ్ళనే అడగండి. అలాంటి పిల్లాడికి 1998 కథ ఏం పనికొస్తుంది? పైగా హాలు బయట బ్యానర్ మీద స్పాన్సర్ ఎవరో చూస్తే, లోపల ఏ జాగ్రత్తలు చెప్పరో కూడా అర్థమైపోతుంది.

ఇంకో బాధ నాకు ఎప్పటినుంచో ఉంది. సివిల్ చదివినవాడినీ, మెకానికల్ చదివినవాడినీ, ఫార్మసీ చదివిన అమ్మాయినీ అందరినీ తీసుకెళ్ళి ఒకే గాటన కట్టి డెవాప్స్, డేటా అనలిస్ట్ అంటాం. మన వాళ్ళలో ఎక్కువమంది ఐటీ కాబట్టి మనకి తెలిసిన దారి అదొక్కటే, అమీర్‌పేటలో అలవాటైన దారి. కాకినాడలో సివిల్ చదివి ఇక్కడ స్ట్రక్చరల్‌లో ఎమ్మెస్ చేస్తున్న వాడికి ఎఫ్ఈ అని ఇంజినీర్ లైసెన్స్‌కి మొదటి మెట్టు పరీక్ష ఒకటుంటుందని, 110 ప్రశ్నలు, చదువుకుంటూ ఉండగానే రాసెయ్యొచ్చని, అది పాసైతే తర్వాత కొన్నేళ్ళ అనుభవంతో పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్స్ దాకా వెళ్ళొచ్చని చెప్పే అంకుల్ మన పాట్‌లక్‌లో ఎంతమంది ఉన్నారు? 2021లో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టం వచ్చింది, 1.2 ట్రిలియన్ డాలర్లు, రోడ్లకీ వంతెనలకీ నీళ్ళ పైపులకీ, ఆ డిజైన్లు గీసే కంపెనీలకి ఇంజినీర్లు కావాలి. మనం మాత్రం వాడి చేతిలో జావా పుస్తకం పెడతాం, జూనియర్ కోడర్ల పనిలో సగం ఏఐ చేసేస్తోందని మనమే భయపడుతున్న ఈ టైమ్‌లో.

అలాగే యూనివర్సిటీలూ, వాటికి అనుబంధంగా ఉన్న హాస్పిటళ్ళూ, నాన్ ప్రాఫిట్ రీసెర్చ్ సంస్థలూ హెచ్1బి లాటరీ కిందకి రావు, ఏడాదిలో ఎప్పుడైనా ఫైల్ చెయ్యొచ్చు. జీతం కాస్త తక్కువే. బయోస్టాటిస్టిక్స్ వాళ్ళకీ, రీసెర్చ్ ల్యాబ్‌లో డేటా పని చెయ్యగలిగిన వాళ్ళకీ ఇది ఎంత పెద్ద విషయమో, కానీ "యూనివర్సిటీలో జాబ్ ఏంట్రా" అని ఇంట్లో వాళ్ళు చప్పరించేస్తారు.

నేననేది ఏంటంటే, సంఘం ప్రతి చాప్టర్‌లో లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) లోపల ఒక శనివారం పెట్టాలి. స్టేజ్ వద్దు, మైక్ వద్దు, శాలువాలు అసలే వద్దు. ఫీల్డ్‌కి ఒక టేబుల్. కూర్చునేది వైస్ ప్రెసిడెంట్లు కాదు, రెండు మూడేళ్ళ క్రితం ఇదే దారిలో నడిచి ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న అన్నలు, అక్కలు. దీనికో కారణం ఉంది, అంకుల్‌తో పిల్లలు నిజం చెప్పరు, జీపీఏ 2.9 అని చెప్తే ఆదివారం కల్లా ఆ కబురు ఇండియాలో నాన్నకి చేరిపోతుందని వాళ్ళకి తెలుసు. అన్నతో చెప్తారు. గ్యాస్ స్టేషన్లో క్యాష్‌కి పని చేస్తున్నానని కూడా అన్నతోనే చెప్తారు, అది ఎందుకు ప్రమాదమో వాడు చెప్తేనే వింటారు.

ఒక్కో అన్నకి ఇద్దరే స్టూడెంట్స్, డిసెంబర్ దాకా రెండు వారాలకోసారి అరగంట ఫోన్, అంతే. ఆ అరగంటలో పని కూడా పెద్దదేం కాదు, రెజ్యూమే ఒక పేజీకి తేవడం, స్టూడెంట్స్ ఉద్యోగాల సైట్ హ్యాండ్‌షేక్‌లో ప్రొఫైల్ పెట్టించడం, కెరీర్ సెంటర్లో అపాయింట్‌మెంట్ తీయించి వెళ్ళాడా లేదా అడగడం, కెరీర్ ఫెయిర్‌కి ముందు రోజు ఒకసారి మాట్లాడించి చూడటం. ఈ మాట్లాడించడం మీద మాత్రం ఎక్కువ టైమ్ పెట్టాలి. మన పిల్లలకి ప్రాజెక్ట్ గురించి చెప్పమంటే "మేం చేశాం, మేం డెవలప్ చేశాం" అంటారు, నలుగురు చేసిన పనిని నేను చేశానంటే గొప్పలు పోయినట్టుంటుందని చిన్నప్పటినుంచీ అలవాటు. అవతల ఇంటర్వ్యూ చేసేవాడికి కావాల్సింది ఆ నలుగురిలో నువ్వేం చేశావు, ఎందుకలా చేశావు, ఏది పని చెయ్యలేదు అని. ఈ ఒక్కటీ రెండు మూడు సార్లు ఎదురుగా కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయిస్తే మనిషి మారిపోతాడు, నేను చూశాను, యూట్యూబ్ వీడియోలు చూస్తే రాదది.

పిల్లలు రారు, వాళ్ళకి సీరియస్‌నెస్ లేదు అంటారు కమిటీలో. బిర్యానీ పెట్టండి, వస్తారు. వచ్చాక పనికొచ్చే మాట ఒక్కటి దొరికినా మళ్ళీ వస్తారు. మనం ఎప్పుడూ చివరి లైన్లో కూర్చోబెట్టి ఉపన్యాసం వినిపించాం కాబట్టి రావట్లేదు.

ఆ టేబుళ్ళ దగ్గర ఇంకో సంగతి కూడా మొహమాటం లేకుండా మాట్లాడాలి, వెనక్కి వెళ్ళడం. లాటరీ మూడుసార్లూ తగలకపోతే ఏంటి అన్న ప్రశ్నకి మొదటి సెమిస్టర్‌లోనే ఒక జవాబు ఉండాలి. హైదరాబాద్ ఇప్పుడు మనం వదిలేసి వచ్చిన హైదరాబాద్ కాదు, అమెజాన్ ప్రపంచంలోనే తన అతి పెద్ద ఆఫీస్ బిల్డింగ్ 2019లో అక్కడే కట్టుకుంది, ఇక్కడి బ్యాంకులూ ఫార్మా కంపెనీలూ అక్కడ సెంటర్లు పెట్టి అసలు పనే చేయిస్తున్నాయి. ఇక్కడ ఒకటి రెండేళ్ళు నిజంగా పని చేసిన వాడికి అక్కడ విలువ ఉంటుంది, దొంగ ఏడేళ్ళకి ఉండదు, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు అక్కడా గట్టిగానే చేస్తున్నారు. వెనక్కి వెళ్తే ఫెయిల్ అయినట్టే అనే మాట మన డ్రాయింగ్ రూముల్లోనే పుట్టింది, పిల్లల ముందు ఆ మాట మానేస్తే సగం మంది ఆ 60వ రోజు ఫోన్‌కి లొంగరు.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, లైబ్రరీలో మీటింగ్ రూమ్ చాలాచోట్ల ఫ్రీ, భోజనాల ఖర్చు మన దసరా ఈవెంట్ పూల డెకరేషన్‌లో సగం కూడా అవ్వదు. స్పాన్సర్ అక్కర్లేదు, ముఖ్యంగా ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ వాళ్ళ బ్యానర్ ఆ రూమ్‌లో ఉండకూడదు, ఈ విషయంలో కమిటీ మొహమాటపడితే ఈ ప్రోగ్రాం పెట్టకపోవడమే మంచిది. వాలంటీర్లలో ఐటీ వాళ్ళు ఎటూ కావాల్సినంత మంది దొరుకుతారు, మనకి దొరకనిది సివిల్, మెకానికల్, పవర్ సిస్టమ్స్, అకౌంటింగ్, ఫార్మా వాళ్ళు. మీ ఇంట్లోనో మీ ఫ్రెండ్స్‌లోనో అలాంటి వాళ్ళుంటే, ఉద్యోగంలో చేరి రెండేళ్ళే అయినా సరే, జూలై లోపల చాప్టర్ సెక్రటరీకి పేరు ఇవ్వండి, ఆగస్టు ఫ్లైట్లు దిగేలోపు టేబుళ్ళు పంచుకోవాలి.