మగ్దలేనే మరియను మా గోడ మీద మాట్లాడనివ్వండి

గుణుపురంలో మా సండే స్కూల్ గదికి మొన్న కొత్తగా సున్నం వేయించారు. ఖాళీగా ఉన్న గోడ మీద ఈస్టర్ నాటికి ఒక బొమ్మ గీయిద్దామని స్త్రీల సమాజం వాళ్లు అనుకున్నారు. మగ్దలేనే మరియ యేసు సమాధి దగ్గర నుంచి పరుగున వచ్చి, శిష్యుల ముందు నిలబడి "నేను ప్రభువును చూచితిని" అని చెప్పే ఘట్టం. మరియకు చీర కడదామని కూడా అనుకున్నారు.

రెండు రోజులు తిరక్కుండా ఒక మెసేజ్ వచ్చింది. రాయగడ, పర్లాకిమిడి, బరంపురం తెలుగు క్రైస్తవుల గ్రూపుల్లో అప్పటికే తెగ తిరుగుతోందట. అందులో ఉన్నది ఇది: మగ్దలేనే మరియ వేశ్య అని వాక్యమే చెబుతోంది, రెండు వేల ఏళ్లుగా పరిశుద్ధ చిత్రాల్లో స్త్రీకి ఉన్నవి రెండే చోట్లు, పశువుల తొట్టి పక్కన తల్లిగా, సిలువ కింద ఏడ్చే పాపిగా, బోధించే స్త్రీ బొమ్మలు నిన్నమొన్నటి పాశ్చాత్య ఫ్యాషన్, పరిశుద్ధ చిత్రాలు గీసింది ఎప్పుడూ మగవాళ్లే, చీర కట్టించడం అపచారం.

మొదటి మాట దగ్గరే నాకు కడుపు మండింది. నాలుగు సువార్తలూ తెరిచి చూడండి, మగ్దలేనే మరియ వేశ్య అని ఎక్కడా లేదు. లూకా 8వ అధ్యాయంలో ఆమెను ఏడు దయ్యాలు వదిలిపోయాయని ఉంది. దయ్యం పట్టిన మనిషిని మన ఊళ్లలో బాధలో ఉన్న మనిషిగా చూస్తాం గానీ నడత చెడ్డదని అనం కదా. ఆ వెంటనే యోహన్న, సూసన్నల పేర్లు వస్తాయి, ఆ స్త్రీలు తమకున్న దానితో ప్రభువుకూ శిష్యులకూ ఉపచారం చేశారని ఉంటుంది. ప్రభువు పాదాలు కన్నీళ్లతో తడిపిన పాపాత్మురాలు 7వ అధ్యాయంలో ఉంది. ఆమె పేరేమిటో లూకా చెప్పలేదు. ఈ ఇద్దరినీ, మార్త చెల్లెలు బేతనియ మరియనూ కలిపి ఒక్కరే అని చెప్పింది రోమ్‌లో పోపు గ్రెగొరీ, 591లో చేసిన ప్రసంగంలో. ఆ కలగలుపును తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు ఒప్పుకోలేదు. రోమన్ కేథలిక్ సంఘం కూడా 1969లో తన పండుగల పట్టికను సవరించినప్పుడు ఆ ముగ్గురినీ మళ్లీ విడదీసింది. 2016లో పోపు ఫ్రాన్సిస్ జూలై 22న వచ్చే ఆమె స్మరణ దినాన్ని అపొస్తలుల పండుగలతో సమానం చేశారు. పోపు మాట మనకెందుకు, మనం ప్రొటెస్టెంట్లం అని గ్రూపులో ఒకరు రాశారు. మంచిది. మరి ఒక పోపు ప్రసంగంలోంచి వచ్చిన మాటను వాక్యమని మనం ఎందుకు పంచుతున్నాం?

ఈ విషయంలో నా తప్పూ ఉంది. పదేళ్లు నేనూ పిల్లలకు అలాగే చెప్పాను. పోయినేడు "మగ్దలేనే మరియ ఎవరు?" అని అడిగితే ఒక చిన్నపిల్ల "పాపి, టీచరమ్మా" అంది. ఆ పిల్లకు ఆమె గురించి ఇంకేమీ తెలియదు. నేను చెప్పలేదు.

రెండే చోట్లు అన్న మాటలో కొంత నిజం ఉంది. ఐరోపాలో 16, 17 శతాబ్దాల్లో జుట్టు విరబోసుకుని కన్నీళ్లు పెట్టుకునే మరియ బొమ్మలు కోకొల్లలుగా గీశారు. మన క్యాలెండర్లకు వచ్చింది ఆ వరసే. అంతకు ముందటివి వేరే ఉన్నాయి. రోమ్‌లో ప్రిస్కిల్లా భూగర్భ సమాధుల్లో, 3వ శతాబ్దపు గోడ మీద, ముసుగు వేసుకున్న స్త్రీ రెండు చేతులూ పైకెత్తి ప్రార్థిస్తూ కనిపిస్తుంది. బొమ్మ నడిమధ్యలో ఉన్నది ఆమే. ఇంగ్లండులో 12వ శతాబ్దంలో తయారైన సెయింట్ ఆల్బన్స్ కీర్తనల గ్రంథంలో మా గోడ మీద గీయాలనుకున్న ఘట్టమే ఉంది. ఒక పక్క మరియ ఒక్కతే వేలెత్తి చెబుతోంది, ఇంకో పక్క పదకొండు మంది శిష్యులు ఒకరి మీద ఒకరు ఒరిగి వింటున్నారు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందటి బొమ్మ నిన్నమొన్నటి ఫ్యాషన్ ఎలా అవుతుంది? ఇంటి పనుల మనిషిగానే మనం చెప్పుకునే మార్త కూడా ఎప్పుడూ వంటింట్లోనే లేదు. ఫ్రాన్సులో ఆమె ఘోరమైన డ్రాగన్‌ను లొంగదీసిన కథ ఉంది, చాలా బొమ్మల్లో ఆ మృగం ఆమె కాళ్ల దగ్గరే ఉంటుంది.

గీసింది మగవాళ్లే అన్నది పూర్తిగా తప్పు. ఫ్లారెన్సులో ప్లౌటిల్లా నెల్లి అనే సన్యాసిని 1560ల్లో ప్రభువు కడరా భోజనాన్ని దాదాపు ఏడు మీటర్ల పొడవున గీసింది. దాని మీద తన పేరు పెట్టి, చిత్రకారిణి కోసం ప్రార్థించండి అని రాసుకుంది. చాలాకాలం మరుగున పడి ఉన్న ఆ చిత్రాన్ని బాగుచేసి 2019లో అందరికీ చూపించారు. మన దేశంలో ఆంజెలా త్రిందాదే ఉంది, 1909లో పుట్టింది, యేసు తల్లి మరియమ్మను భారతీయ స్త్రీగా గీసింది.

చీర సంగతి. క్యాలెండర్‌లో మరియమ్మ వేసుకున్న నీలం వస్త్రం నజరేతు నుంచి వచ్చింది కాదు. ఐరోపా చిత్రకారులకు ఆ నీలం రంగు ఆఫ్ఘనిస్తాన్ రాయి నుంచి వచ్చేది, చాలా ఖరీదు, అందుకే ఆమెకు వాడేవారు. వాళ్లు తమకు విలువైన దానితో అలంకరించారు. గోవాలో పుట్టిన ఆంజెలో ద ఫోన్సెకా మరియమ్మకు చీర కట్టి గీస్తే ఊళ్లో తిట్లు తిన్నాడు, పుణె ఆశ్రమంలో ఉంటూ 1967లో చనిపోయేదాకా గీస్తూనే ఉన్నాడు.

స్త్రీ ప్రసంగపీఠం ఎక్కవచ్చా అన్న చర్చ సంఘాల్లో ఉంది, స్త్రీ ఉపదేశించకూడదన్న తిమోతి పత్రిక మాట చూపి మాట్లాడే పెద్దలను నేను తక్కువ చేయను. ఈ బొమ్మ ఆ చర్చ మీద తీర్పు కాదు. యోహాను 20వ అధ్యాయంలో జరిగింది జరిగినట్టు చూపించడం, అంతే. లూకా 24లో ఆ స్త్రీల మాటలు శిష్యులకు "వెఱ్ఱిమాటలుగా" కనబడ్డాయని, వాళ్లు నమ్మలేదని ఉంది. ఆ నమ్మకపోవడం కూడా బొమ్మలో ఉండాలని సమాజంలో పెద్దమ్మ ఒకావిడ పట్టుపట్టింది. ఒకరిద్దరు శిష్యులు మొహం తిప్పుకున్నట్టు గీయిస్తాం.

గోడ పొడవుగా ఉంది, ఇంకో బొమ్మకు చోటుంది. లూకా 15లో గొర్రెను వెతికే కాపరి ఉన్నాడు, కొడుకు కోసం ఎదురుచూసే తండ్రి ఉన్నాడు. ఆ ఇద్దరి బొమ్మలూ మా వీధిలో ప్రతి ఇంట్లో ఉన్నాయి. వాళ్ల మధ్యలో దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, పోయిన నాణెం వెతికే స్త్రీని ప్రభువే పెట్టాడు. ఆమె బొమ్మ నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. పెయింటర్‌తో మాట్లాడాం. చీపురు కొండచీపురేనా అని అడిగాడు. అవునన్నాం.