ఆ సెల్ఫీ వీడియో షేర్ చేశారు సరే, పాస్‌పోర్ట్ నంబరు అడిగారా?

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకు, గల్ఫ్‌కు పనికి పోయి చిక్కుకున్నవాళ్లు తీసి పంపే ఈ వీడియో గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మనిషి మారతాడు గానీ వీడియో అదే. వెనకాల రేకుల షెడ్డు, లేకపోతే ఇసుక. తలకు తువ్వాల. “అన్నా, మీ కాళ్లు మొక్కుత, నన్ను ఎట్లనన్న జేసి ఇండియాకు పంపియ్యుండ్రి. ఏజెంటు మోసం జేసిండు. హోటల్ల పని అని చెప్పి ఒంటెల కాడ పడేసిండ్రు.” అంతే. రెండు నిమిషాలు కూడా ఉండదు.

హన్మకొండలో ఉన్న నా ఫోన్‌కు కూడా సాయంత్రానికల్లా మూడు నాలుగు గ్రూపుల నుంచి అదే వీడియో వచ్చి పడుతుంది. మా చిన్నమ్మ వాళ్లది కోరుట్ల వైపు. ఆ చుట్టాల గ్రూపులో ఇలాంటిది ఎప్పుడూ ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది. కింద “ప్రతి ఒక్కరూ షేర్ చేయండి, మనోణ్ని కాపాడుకుందాం” అని రాసి ఉంటుంది. ఏడుపు బొమ్మలు, దండం బొమ్మలు వరసగా పడతాయి. ఇతను ఏ దేశంలో ఉన్నాడు, ఎవరి దగ్గర పనిచేస్తున్నాడు అని ఒక్కరైనా అడుగుతారా? చాలాసార్లు అడగరు. నా గొడవంతా దాని గురించే.

ఫోన్ వల్ల లోకం చెడిపోయిందనే బ్యాచ్ కాదు నేను. 80లలో, 90లలో దుబాయికి, మస్కట్‌కు పోయినవాళ్ల ఇళ్లలో అడగండి. నెలకో ఉత్తరం. టేప్‌రికార్డర్‌లో మాటలు నింపి, ఊరికి వచ్చేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్లు. ఆ క్యాసెట్ పెట్టుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వినేవాళ్లు. అందులో మనిషి ఎప్పుడూ “నేను మంచిగున్న” అనే చెప్పేవాడు. కొట్టారని, జీతం ఇవ్వట్లేదని చెప్పుకున్నా, ఆ మాట ఇల్లు చేరేసరికి నెల గడిచేది. అలాంటి చోట ఇవాళ ఎడారి మధ్యలో ఉన్న గొర్ల కాపరి కూడా తన నోటితో, తన యాసలో, ఆ రోజే చెప్పుకోగలుగుతున్నాడు. ఇది చిన్న విషయం కాదు. పేపర్లో జిల్లా పేజీ మూలకు పడే “గల్ఫ్‌లో జిల్లావాసి అవస్థలు” అనే నాలుగు లైన్ల వార్తకూ దీనికీ పోలికే లేదు. సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు ట్విట్టర్‌లో ఒక మాట రాస్తే రాయబార కార్యాలయాలు కదిలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది నిజంగా జరిగింది.

కానీ అప్పుడైనా ట్వీట్ పడగానే మనిషి విమానం ఎక్కలేదు. మధ్యలో కాగితాలు నడిచాయి. ఆ కాగితాల సంగతే మన గ్రూపుల్లో ఎవరూ మాట్లాడరు.

అక్కడి పద్ధతి తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. కఫాలా అంటారు. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, చేతిలోనే మనవాడి బతుకంతా ఉంటుంది. చట్టం ఒప్పుకోకపోయినా పాస్‌పోర్ట్ తీసి తన దగ్గరే పెట్టుకునే కఫీళ్లు కొల్లలు. తిండి లేక, దెబ్బలు తట్టుకోలేక అక్కడి నుంచి తప్పించుకుని బయట పనిచేసుకుంటే మనవాళ్లు “ఖల్లివెల్లి అయిండు” అంటారు. సౌదీలో అయితే యజమాని వెంటనే హురూబ్ పెడతాడు, అంటే నా పనివాడు పారిపోయాడని కేసు. ఇక అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, ఉన్నా లేనట్టే. అలాంటివాణ్ని ఇంటికి తేవాలంటే మన ఎంబసీ అవుట్‌పాస్ (పాస్‌పోర్ట్ చేతిలో లేనివాళ్లు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం) ఇవ్వాలి, కేసు తేలాలి, జరిమానా ఏదైనా ఉంటే ఎవరో కట్టాలి, అప్పుడుగానీ అక్కడి ప్రభుత్వం పంపదు. టికెట్‌కు డబ్బు లేకపోతే ఎంబసీల దగ్గర సంక్షేమ నిధి ఒకటి ఉంది, 2009లో పెట్టారు. ఫిర్యాదు చేయడానికి మదద్ అనే పోర్టల్ 2015 నుంచి ఉంది. వీటిలో దేనికి వెళ్లినా మొదట అడిగేది పాస్‌పోర్ట్ నంబరు, ఏ ఊళ్లో ఉన్నాడు, కఫీల్ పేరు, ఫోను. వీసా కాగితం ఫొటో ఉంటే ఇంకా మేలు. ఇక్కడ పంపిన ఏజెంటుకు లైసెన్సు ఉందా, లేక టీకొట్టు దగ్గర కూర్చుని పాస్‌పోర్టులు పోగేసే రకమా అన్నది కూడా కావాలి. ఏడుపు వీడియోలో ఇవేవీ ఉండవు. అది లక్షమంది చూసినా ఉండవు.

ఈ వివరాలు సేకరించి కాగితాలు నడిపించే పని చేసేవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. చాలామంది ఒకప్పుడు తామే గల్ఫ్‌లో కష్టపడి వచ్చినవాళ్లు. వాళ్ల గ్రూపుల్లో పాతిక ముప్పై మందికి మించి ఉండరు. ఒకరు రియాద్‌లో డ్రైవర్, ఒకరు దమ్మామ్‌లో ఉంటారు, ఒకరు మెట్‌పల్లిలో జిరాక్స్ సెంటర్ నడుపుతారు. “లొకేషన్ పంపు, బ్యాటరీ పొదుపుగా వాడుకో, యజమానితో గొడవ పెట్టుకోకు” అని వాయిస్ మెసేజ్ పెడతారు. ఇక్కడివాళ్లు తల్లి చేత దరఖాస్తు రాయించి పంపుతారు. వాళ్లకు ఛానల్ ఉండదు, థంబ్‌నెయిల్ ఉండదు. దేశాలు దాటి సామాన్యులు ఒకరికొకరు నిలబడటం అంటే నాకు తెలిసినంతలో ఇదే. గ్లోబల్ అనే మాట వాళ్లెవరూ వాడరు.

ఇప్పుడు అసలు కోపం వచ్చే సంగతి. “వీడియో తీసి పెట్టు తమ్మీ, మేం వైరల్ చేస్తాం” అని ఇక్కడి నుంచి ఉసిగొల్పేవాళ్లున్నారు. తీసేది వాడు. జైలుకు పోయేదీ వాడే. ఖతర్‌లో మాల్కమ్ బిడాలి అని కెన్యా నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు ఉండేవాడు. కూలీల గదులు, జీతాల గురించి మారుపేరుతో ఇంటర్నెట్‌లో రాసేవాడు. 2021 మే నెలలో అతన్ని అరెస్టు చేశారు, తర్వాత 25 వేల రియాళ్ల జరిమానా వేశారు. సౌదీలో మహమ్మద్ అల్ గమ్దీ అనే రిటైర్డ్ టీచరు ఉన్నాడు. అతని ఫాలోవర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ పోస్టుల మీద 2023లో మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని కొట్టేసి 30 ఏళ్ల జైలు అన్నారు. సొంత దేశపు పౌరుడికే ఆ గతి పడితే, రాయికల్ నుంచి పోయిన కూలీకి దిక్కెవరు? ఎమిరేట్స్‌లో అయితే అనుమతి లేకుండా ఇంకొకరి ఫొటో తీసి పెట్టినా కేసే. మనవాడు తన గోడు చెప్పుకుంటూ వెనకాల ఉన్న యజమానిని, ఆ ఇంటిని చూపిస్తాడు. మనం ఇక్కడ సోఫాలో కూర్చుని “భలే ధైర్యం చేశావ్ తమ్ముడూ” అని కామెంట్ పెడతాం. ధైర్యం ఖరీదు ఎంతో మనకు తెలియదు, ఎందుకంటే కట్టేది మనం కాదు.

ఇక కొన్ని యూట్యూబ్ ఛానళ్లు. పేర్లు చెప్పను, మీకు తెలుసు. ఇంట్లో ముసలి తల్లి ముందు మైకు పెట్టి “కొడుకు గుర్తొస్తే ఎట్లనిపిస్తది అవ్వా?” అని అడుగుతారు. ఎట్లనిపిస్తదో తెలియకనా? ఆమె ఏడ్చేదాకా వదలరు. ఆ ఏడుపు థంబ్‌నెయిల్ అవుతుంది. కొడుకు ఇంటికి వచ్చాక కూడా ఆ వీడియో తియ్యరు. ఆ పిల్లగాడికి పెళ్లి సంబంధం చూస్తుంటే అవతలివాళ్లు పేరు కొట్టి చూస్తారు, చేతులు జోడించి ఏడుస్తున్న మొహం వస్తుంది. దీని గురించి ఎవరైనా ఆలోచించారా? మనిషి తిరిగొచ్చాక కూడా ఆ వీడియో పాతపడదు. రెండేళ్ల కింద ఇల్లు చేరినవాడి వీడియో “అర్జెంట్” అని మళ్లీ తిరుగుతుంది. ఫార్వర్డ్‌లకు వాట్సాప్ 2018లోనే మన దేశంలో ఒకసారికి ఐదు చాట్‌ల పరిమితి పెట్టింది. ఇప్పుడు ఎక్కువగా తిరిగిన మెసేజ్ అయితే ఒక్క చాట్‌కే పోతుంది. అయినా మన వాళ్లు ఒక్కో గ్రూపుకు ఓపికగా పంపుతారు. ఆ ఓపికలో పదో వంతు పెట్టి “వచ్చిండా లేదా” అని ఆ ఊరికి ఫోన్ చేయొచ్చు కదా.

సోషల్ మీడియా ప్రభుత్వాలనే కూల్చింది, నువ్వేంటి ఇలా తీసిపారేస్తావు అని ఒక తమ్ముడు వాదించాడు. ఈజిప్టు సంగతి ఎత్తాడు. మంచి ఉదాహరణే ఎత్తాడు, కానీ సగమే చదివాడు. 2008లో “ఏప్రిల్ 6” పేరుతో యువత ఫేస్‌బుక్‌లో గ్రూపు పెడితే 70 వేల మంది దాకా చేరారు. ఎందుకు చేరారు? మహల్లా అనే ఊళ్లో, మన ఆజంజాహి మిల్లు లాంటి పెద్ద బట్టల మిల్లు కార్మికులు సమ్మెకు దిగుతామన్నారు కాబట్టి. ఆ కార్మికులే 2006 డిసెంబరులో ఒక పెద్ద సమ్మె చేసి చూపించారు. అప్పుడు వాళ్ల చేతిలో ఫేస్‌బుక్ లేదు. తర్వాత 2011 జనవరి 25న జనం రోడ్డెక్కితే, మూడు రోజులకే ప్రభుత్వం దేశమంతా ఇంటర్నెట్ కట్ చేసింది. జనం ఇళ్లకు పోలేదు సరికదా, ఏం జరుగుతోందో ఫోన్‌లో తెలియక ఇంకా ఎక్కువమంది బయటికి వచ్చారు. ఫిబ్రవరి 11న ముబారక్ దిగిపోయాడు. ఫేస్‌బుక్ పనికి రాలేదని నేను అనట్లేదు. ఖాలిద్ సయీద్ అనే కుర్రాణ్ని పోలీసులు కొట్టి చంపితే, అతని పేరు మీద పెట్టిన పేజీ లక్షల మందిని ఒకచోట చేర్చింది. కానీ ఆ పేజీ ఆగిపోయిన రోజు కూడా వీధిలో నిలబడేవాళ్లు ఉన్నారు.

అదే ఏడాది మన దగ్గర సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. అప్పుడు వరంగల్‌లో ఎంతమంది చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉందో గుర్తు తెచ్చుకోండి. జేఏసీలు, దీక్షా శిబిరాలు, రోడ్డు మీద వంటావార్పు, ధూంధాం. కబురు పాటలో పోయింది.

ఇవన్నీ పాత ముచ్చట్లు అంటారా, నిన్నమొన్నటివే చెప్తాను. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లకు ఊళ్లు కదిలాయి. 2024 నవంబరులో రోడ్డు మీద బైఠాయించారు, ఆర్డీఓను కూడా కదలనివ్వలేదు. ఆ వీడియోలు రాష్ట్రమంతా తిరిగాయి. పనులు ఆపమని ఉత్తర్వు వచ్చింది. వీడియో చూసి వచ్చిందా, రోడ్డు మీద ఆడవాళ్లను చూసి వచ్చిందా? రెండూ చూసే వచ్చిందంటాను నేను. అయితే ఆ ఆడవాళ్లు లేకపోతే వీడియో తీయడానికి అక్కడ ఏముంది? అంతకుముందు 2019లో నిజామాబాద్ పసుపు రైతులు వరసగా నామినేషన్లు వేయడంతో ఆ ఒక్క లోక్‌సభ స్థానంలోనే మొత్తం 185 మంది అభ్యర్థులు పోటీలో నిలిచారు. దేశమంతా వాళ్ల వైపు చూసింది. ఒక్కో రైతు డిపాజిట్ డబ్బు పట్టుకుని, లైన్లో నిలబడి సంతకం పెట్టాడు. హ్యాష్‌ట్యాగ్‌కు డిపాజిట్ అడగరు.

సోషల్ మీడియా పూర్తి బలంతో పనిచేయడం నేను కళ్లారా చూసింది 2021 ఏప్రిల్, మే నెలల్లో. కరోనా రెండో వేవ్. ఆక్సిజన్, బెడ్డు కావాలని జనం పోస్టులు పెడుతుంటే కొన్ని రాష్ట్రాల్లో అలా పెట్టినవాళ్ల మీద కేసులన్నారు. ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, అలా సాయం అడిగే పౌరుల నోరు నొక్కితే కోర్టు ధిక్కారంగా చూస్తామని గట్టిగా చెప్పింది. ఆ రోజుల్లో మన కాలేజీ పిల్లలు చేసింది చూస్తే ముచ్చటేసింది. వచ్చిన నంబరునల్లా ఫార్వర్డ్ చేయలేదు. ఫోన్ చేసి, సిలిండర్ ఉందా అని కనుక్కుని, “వెరిఫైడ్, ఉదయం 11 గంటలకు” అని టైం వేసి మరీ పెట్టారు. అయిపోతే తీసేశారు. అదే పిల్లలు గల్ఫ్ వీడియో వస్తే ఎందుకు అలా చేయరో నాకు అర్థం కాదు. బహుశా కరోనా మన ఇంట్లో ఉంది, ఎడారి ఎవరి ఇంట్లోనో ఉంది.

మీకు అలాంటి వీడియో వస్తే ముందు ఆ మనిషికో, ఇంట్లోవాళ్లకో ఫోన్ చేయండి. పాస్‌పోర్ట్ ఫొటో, లొకేషన్ అడగండి, కానీ గ్రూపులో పెట్టకండి, ఏజెంట్లు కూడా ఆ గ్రూపుల్లోనే ఉంటారు. మదద్‌లో ఫిర్యాదు చేయించండి, నంబరు తీసుకోండి. ఎంబసీని ట్యాగ్ చేయాలంటే ఆ ఫిర్యాదు నంబరుతో చేయండి, మొహం లేకుండా చేయండి. మనిషి ఇల్లు చేరాక మీ దగ్గరున్నది తీసేయండి.

ప్రభుత్వం మీద కూడా ఒక మాట ఉంది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఐదు లక్షలు ఇస్తున్నారు, సంతోషం. 2024లో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి అని కౌంటర్ పెట్టారు, అదీ సంతోషమే. కానీ గల్ఫ్‌కు పోయేది బంజారాహిల్స్ నుంచి కాదు కదా. మల్లాపూర్ మండలం నుంచి ఒక తల్లి ఆ రోజు బీడీలు చుట్టే పని మానుకుని, బస్సులు మారి, హైదరాబాద్ వచ్చి దరఖాస్తు ఇవ్వాలా? జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల, నిజామాబాద్ కలెక్టరేట్లలో ఒక్కో బల్ల, ఎంబసీకి మెయిల్ రాయడం వచ్చిన ఒక్కో మనిషి, ఒక ఫోను. కోట్ల బడ్జెట్ అక్కర్లేదు. వీడియోలకు లక్షల షేర్లు కొట్టే మన ఉత్తర తెలంగాణలో, ఈ బల్ల వేయమని ఎమ్మెల్యేను ట్యాగ్ చేసి అడిగిన పోస్టు నాకు ఇంతవరకు ఒక్కటీ కనపడలేదు. ఎవరైనా పెట్టండి, దాన్ని మాత్రం నేనూ షేర్ చేస్తా.