వేలం కేటలాగు గారికి, ఒక పాటదారు రాసుకున్న లేఖ

అయ్యా కేటలాగు గారూ,

నమస్కారం. నిగనిగలాడే మీ పేజీలను ఏళ్ల తరబడి చదువుతున్నవాణ్ణి. కథలూ నవలలూ పక్కన పెట్టి మరీ మిమ్మల్ని చదివాను. నవలలో వెతికితే ఎక్కడో ఒకచోట అబద్ధం దొరుకుతుంది. మీలో అదీ దొరకదు, నిజమూ దొరకదు. గోడ మీది పిల్లి కూడా చీకటి పడేలోగా ఏదో ఒక పక్కకి దూకుతుంది. మీరు మాత్రం అచ్చయి, వేలం ముగిసి, సరుకు మా ఇంటికి చేరాక కూడా గోడ దిగరు.

మీ వ్యాకరణం ఒంటబట్టడానికి నాకు చాలాకాలం పట్టింది. పనివాడి పేరు ఉన్నదున్నట్టు వేశారంటే అది ఆయన చేసిందేనని మీ నమ్మకం. ముందు 'ఆట్రిబ్యూటెడ్ టు' తగిలిస్తే ఆయనే అయి ఉండొచ్చట. 'సర్కిల్ ఆఫ్' అంటే ఆయన కాదు, ఆయన ఇరుగుపొరుగు. 'ఫాలోవర్ ఆఫ్' అంటే ఆయన దారి పట్టినవాడు. 'మేనర్ ఆఫ్' అంటే ఆయన పోయిన ఎన్నాళ్లకో పుట్టినవాడు. 'ఆఫ్టర్' అంటే సూటిగా నకలు. అయినా అన్నింట్లోనూ ఆ మహానుభావుడి పేరు మాత్రం పెద్దక్షరాల్లోనే ఉంటుంది. పెళ్లికొడుకు వేరే, ఫొటో మాత్రం ఆయనది.

కుర్చీలూ బల్లల దగ్గర మీ పొదుపు ఇంకా ముచ్చటేస్తుంది. 'లూయీ 15 కుర్చీ' అని రాసి పక్కన కాలం వేస్తే అది ఆ పేరున్న ఫ్రెంచి రాజుగారి రోజుల్లోది. 'లూయీ 15 స్టైల్ కుర్చీ' అంటే ఆ రాజు ఊసు మాత్రమే విన్న ఎవరో తర్వాతెప్పుడో చేసింది. ఒక్క మాటలో వందేళ్లు, నూటయాభై ఏళ్లు మింగేయడం కవులకు కూడా చేతకాలేదు.

ఇక 'వయసుకు తగిన అరుగుదల' అనే మీ అభిమాన వాక్యం. చెక్కకు నిజంగానే వయసు తెలుస్తుందండీ. చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా పెద్దగా మారదు. అందుకే రెండువందల ఏళ్ల గుండ్రటి బల్లను టేపుతో కొలిస్తే ఒకవైపు కాస్త తక్కువ రావాలి. మీ ఫొటోలో బల్ల మాత్రం పున్నమి చంద్రుడిలా ఉంటుంది. పురుగు సంగతీ అంతే. పురుగు చెక్క లోపల వంకరటింకరగా తిరిగి, చివరికి బయటపడ్డ చోట చిన్న గుండ్రటి రంధ్రం మాత్రం వదులుతుంది. అలా కాకుండా పైభాగం మీద సొరంగం పొడవునా తెరుచుకుని కనిపిస్తే, పురుగు తిన్న తర్వాత ఆ చెక్క మీద రంపం ఆడిందన్నమాట. పాత చెక్క, కొత్త బీరువా. మీరు దీన్ని కూడా 'స్వభావసిద్ధమైన రంధ్రాలు' అంటారు. పురుగుకి మీరిచ్చినంత గౌరవం వడ్రంగికి ఇచ్చి ఉంటే బాగుండేది. ఆ మాటకు మళ్లీ వస్తాను.

నిపుణులు చూసి రాశారు కదా అంటారేమో. చూశాం లెండి. 1969లో ఆర్మండ్ లామాంటేన్ అనే అమెరికన్ శిల్పి, 17వ శతాబ్దం నాటిదనిపించే కుర్చీ ఒకటి పనిగట్టుకుని సొంతంగా తయారుచేశాడు. నిపుణులు మోసపోతారా లేదా అన్నదే ఆయన సరదా. మోసపోయారు. మరుసటి ఏడాది హెన్రీ ఫోర్డ్ మ్యూజియం దాన్ని 9,000 డాలర్లకు కొని గొప్పగా నిలబెట్టింది. 1977లో గుట్టు బయటపడ్డాక ఎక్స్‌రే తీస్తే, లోపలి రంధ్రాలు ఈ కాలపు డ్రిల్లుతో వేసినవని తేలింది. ఆయనది సరదా. ఫ్రాన్సులో కథ అలా లేదు. 18వ శతాబ్దపు ఫ్రెంచి కుర్చీ అంటే బిల్ పాలోనే అడగాలి అనేవాళ్లు. ఆయనగారే ఒక చెక్కపని శిల్పితో కలిసి నకిలీ రాజకుర్చీలు చేయించాడు. అవి వెర్సాయ్ రాజప్రాసాదం దాకా చేరాయి. 2025 జూన్‌లో కోర్టు ఆయన్ని దోషిగా తేల్చింది. పేపర్లు దిద్దే మాస్టారే కాపీ కొడితే ఇక పిల్లల్ని ఏమనగలం?

నా గోడు కూడా వినండి. నేనూ ఒక గడియారం కొన్నాను. నిలువెత్తు చెక్క పెట్టె, కింద లోలకం, పైన ఇత్తడి ముఖం. 'సొగసైన పాతకాలపు గడియారం, కొన్ని తదుపరి మార్పులతో' అని మీరే రాశారు. 'కొన్ని' అన్న మాటని నేను తక్కువ అంచనా వేశాను. రిపేరు చేసే పెద్దాయన దాన్ని విప్పి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ముఖాన్ని పట్టి ఉంచే కాళ్లకీ, దాని వెనకున్న యంత్రం పలకలోని రంధ్రాలకీ పొంతన లేదు. ఎవరూ వాడని పాత రంధ్రాలు అదనంగా ఉన్నాయి. పెట్టె ఒక గడియారానిది, యంత్రం ఇంకో గడియారానిది, ముఖం మూడోదానిది. ఈ వ్యాపారంలో దీన్ని ముద్దుగా 'మ్యారేజ్' అంటారట. పెళ్లంటే ఇద్దరికి కదండీ, ఈ మూడో మనిషి ఎవరు?

వేలం సంస్థకు ఉత్తరం రాశాను. కేటలాగు చివరి పేజీల్లోని చిన్నక్షరాలు చూడమన్నారు. చూశాను. 'ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం' అని ఉంది. ఉన్నది ఏమిటో చెప్పనక్కర్లేదని దాని భావం. పైగా గడియారాలు నడుస్తాయన్న పూచీ కూడా లేదు. గడియారం నడవడం అదనపు సదుపాయం అని అప్పుడే తెలిసింది. పెద్ద పనివాళ్లు ఈ బాధ ముందే పడ్డారు. పారిస్‌లో పేరుమోసిన గడియారాల పనివాడు అబ్రహాం లూయీ బ్రెగే బతికుండగానే ఆయన పేరుతో నకిలీ గడియారాలు ఎంతగా వచ్చాయంటే, ఆయన గడియారం ముఖం మీద, వెలుతురు పక్కనుంచి పడితే తప్ప కనపడని రహస్య సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. కనిపించకపోతేనే అసలు సంతకం! మీ దగ్గర మాత్రం ఎంత పెద్దగా కనిపిస్తే అంత భయం.

తప్పు నాదీ ఉందిలెండి. వేలంలో ధర చెప్పడాన్ని మన భాషలో 'పాట పాడటం' అంటాం. శ్రుతి లేదు, రాగం లేదు, చివర్లో తాళానికి సుత్తి దెబ్బ ఒకటి. ఆ హాల్లో కూర్చున్నాక ఎవడికైనా గొంతు లేస్తుంది. వేలంవెర్రి అన్న మాట ఊరికే పుట్టలేదు. రోమన్ చక్రవర్తి కలిగ్యులా వేలంలో అపోనియస్ అనే పెద్దమనిషి కునుకుపాట్లు పడుతుంటే, ఆ తల ఊపుల్ని పాటగా లెక్కేసి 13 మంది గ్లాడియేటర్లను 90 లక్షల సెస్టెర్సులకు ఆయనకి అంటగట్టారని చరిత్రకారుడు స్యూటోనియస్ రాశాడు. నేను మెలకువగానే ఉన్నాను. అదే ఇంకా అవమానం.

నాకు పోటీగా వెనక వరసలో ఎవరో పాడుతున్నారనుకుని రెండుసార్లు పెంచాను. తిరిగి చూస్తే అక్కడ గోడ తప్ప ఎవరూ లేరు. అమ్మేవాడు పెట్టుకున్న కనీస ధర వచ్చేదాకా వేలందారు గాల్లోంచి పాటలు తెచ్చుకోవచ్చని, చాలాచోట్ల అది చట్టబద్ధమేనని తర్వాత తెలిసింది. ఇంగ్లీషువాళ్లు దీన్ని షాండిలియర్ బిడ్డింగ్ అంటారు, అంటే పైకప్పు దీపాల గుత్తి పాడిన పాట. నాకైతే గోడతో పోటీ పడ్డాను అనడమే న్యాయంగా ఉంది.

సుత్తి పడ్డాక అసలు బిల్లు. 1975లో లండన్‌లోని రెండు పెద్ద సంస్థలు, సదబీస్, క్రిస్టీస్, కొన్నవాడి నుంచి కూడా 10 శాతం వసూలు చేయడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా అమ్మేవాడే కమిషన్ ఇచ్చుకునేవాడు. ఇప్పుడు ఆ వాటా చాలాచోట్ల పాతిక శాతం దాటింది. ఆ రెండు సంస్థలే అమ్మేవాళ్ల దగ్గర తీసుకునే కమిషన్ విషయంలో లోపాయికారీగా కూడబలుక్కున్నాయని తేలి, 2000లో 51.2 కోట్ల డాలర్లకు రాజీ పడ్డాయి. సదబీస్ మాజీ ఛైర్మన్ ఆల్ఫ్రెడ్ టాబ్‌మన్ జైలుకు కూడా వెళ్లొచ్చాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ ఎవరికీ పోటీ పాట పాడలేదు.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా, పోతే పోయిందనుకోవచ్చు. నన్ను నిజంగా ఆపేసింది మీ చివరి పేజీలు. 'ట్రైబల్ ఆర్ట్' అని శీర్షిక పెట్టి, ముసుగులూ విగ్రహాలూ నల్లటి నేపథ్యంలో నిలబెడతారే, అవి.

గబాన్‌కు చెందిన ఫాంగ్ తెగవాళ్ల చెక్క ముసుగు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఫ్రాన్సులో ఒక ముసలి దంపతులు ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని పాత సామాన్ల వ్యాపారికి 150 యూరోలకు ఇచ్చేశారు. 2022 మార్చిలో మోంపెలియె వేలంలో అది 42 లక్షల యూరోలు పలికింది. దంపతులు కోర్టుకెక్కారు. గబాన్ ప్రభుత్వం కూడా వచ్చి, అది మా ముసుగు అంది. 2023 డిసెంబరులో కోర్టు ఇద్దరినీ పంపించేసింది. దాని వంశవృక్షం మాత్రం మీరు శ్రద్ధగా రాశారు: 1917 ప్రాంతంలో ఒక ఫ్రెంచి వలస గవర్నరు సేకరించారు, ఏ పరిస్థితుల్లోనో తెలియదు. ఆ 'సేకరించారు' అన్న క్రియ ఎంత మృదువుగా ఉందండీ! పువ్వులు కోసినట్టు.

అమెరికాలో హోపీ తెగవాళ్లది ఇంకో గోల. మీరు ముసుగులు అనేవాటిని వాళ్లు స్నేహితులు అంటారు. 2013 ఏప్రిల్‌లో పారిస్‌లో అలాంటివి 70 దాకా వేలానికి పెట్టారు. ఆపమని వాళ్లు కోర్టులో మొరపెట్టుకుంటే కుదరదన్నారు. అదే ఏడాది డిసెంబరులో మళ్లీ పెడితే, ఆనెన్‌బర్గ్ ఫౌండేషన్ ఎవరికీ చెప్పకుండా ఫోన్లో పాడి 24 వస్తువులు కొని, హోపీలకూ శాన్ కార్లోస్ అపాచీలకూ తిరిగి ఇచ్చేసింది. సుమారు 5,30,000 డాలర్లు అయింది. వాళ్ల స్నేహితుల్ని వాళ్లింటికి పంపడానికి కూడా మీ శాతం మీరు తీసుకోకుండా ఉంటారా?

ఇందాక వడ్రంగి సంగతికి మళ్లీ వస్తానన్నాను. ఆ పేజీల్లో ప్రతి వస్తువు కిందా మీరు వేసే పేర్లు చూస్తూ కూర్చున్నాను. ఎవరి దగ్గరుంది, ఆయన ఎవరికి అమ్మాడు, ఏ ఎగ్జిబిషన్‌లో పెట్టారు, ఏ పుస్తకంలో ఫొటో వచ్చింది. ఇంతమంది చేతులు మారిన లెక్క తేదీలతో సహా ఉంది. ఉలి పట్టుకున్న చెయ్యి దగ్గర మాత్రం ఒకటే మాట, 'తెలియదు'. ఓలోవె ఆఫ్ ఇసే లాంటి నైజీరియా యోరుబా తెగ శిల్పి పేరు మనకి తెలిసిందంటే, ఎవరో ఒకరు వెళ్లి అడిగారు కాబట్టే.

నా గడియారం డబ్బు వెనక్కి అడగను. ఆ ముగ్గురూ ఎలాగో సర్దుకుపోతున్నారు, రోజుకు పది నిమిషాలు వెనకబడటం మినహా. ఒక్క చిన్న మనవి. వచ్చే సంచికలో ఆ ముసుగుల పేజీ వచ్చినప్పుడు, 'చేసినవారు: తెలియదు' అన్నచోట 'చేసినవారు: అడగలేదు' అని అచ్చు వేయించండి. అదే లైన్‌లో సరిపోతుంది, కాగితం ఖర్చు పెరగదు.

ఇట్లు,
గోడతో పోటీ పడి గెలిచిన
మీ పాటదారు