‘20’ పక్కన ఖాళీ

హ్యూస్టన్‌లో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో ఒకటే మాట అంటాడు: “వచ్చే ఏడు మనదే మావయ్యా!” ఈ ‘మన’ అంటే ఇండియా కాదు, గుంటూరూ కాదు. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్. బంతిని కాలితో కాకుండా చంకలో పెట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్. ఎం.ఎస్. కోసం కాలేజ్ స్టేషన్ అనే ఊరెళ్లినవాడు డిగ్రీతో పాటు ఈ జబ్బు కూడా తెచ్చుకున్నాడు. ఆ టీమ్ ఆఖరుసారి జాతీయ ఛాంపియన్ అయింది 1939లో. మా వీధి కిరాణా కొట్టు గోడ మీద ‘అప్పు రేపు’ అని రాసి ఉంటుంది. వాళ్ల వచ్చే ఏడు కూడా అలాంటిదే.

అసలు నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఒక ఫలకం. 2017 చివర్లో జింబో ఫిషర్ అనే కోచ్‌ని పదేళ్లకి 7.5 కోట్ల డాలర్లకి తెచ్చుకున్నారు. వచ్చిన కొత్తలోనే ఛాన్సలర్ గారు ఆయన చేతికి జాతీయ ఛాంపియన్‌షిప్ ఫలకం ఇచ్చేశారు. సంవత్సరం ఉండాల్సిన చోట ‘20’ చెక్కించి, పక్కన ఖాళీ వదిలారు. గెలిచాక అంకెలు నింపుకోవచ్చని.

మనవాళ్లూ శిలాఫలకాల్లో ఎవరికీ తీసిపోరు. కాలవ తవ్వరు, వంతెన కట్టరు, కానీ ఫలకం మీద తేదీ మాత్రం తిథితో సహా వేస్తారు. తేదీ ఖాళీ వదిలే ధైర్యం మనవాళ్లకి ఇంకా రాలేదు. ఆ చెక్కేవాడి అవస్థ ఊహించుకుంటాను. “ఎన్నో సంవత్సరం సార్?” “ఖాళీ ఉంచు.” “ఎన్ని అంకెలకి చోటు వదలమంటారు?” “రెండు చాలు.” అతను కాసేపు తల గోక్కుని, “ఆ 20 కూడా ఎందుకు సార్, అదీ వదిలేద్దాం. ఈ శతాబ్దం దాటితే ఫలకం దండగైపోతుంది” అని ఉంటాడు. ఈ మొత్తం వ్యవహారంలో కాస్త బుర్రున్న మనిషి అతనొక్కడే. కానీ అతన్ని కోచ్‌గా పెట్టుకోలేదు.

ఇక 2022 సీజన్. మొదలవకముందు దేశంలో ఆరో ర్యాంకు. కొత్తగా చేరిన కుర్రాళ్ల బ్యాచ్ దేశంలోకెల్లా నంబర్ వన్ అన్నారు. సెప్టెంబరు 10న నార్త్ కరోలినా కొండల్లో బూన్ అనే చిన్న ఊరి నుంచి అపలాచియన్ స్టేట్ యూనివర్సిటీ టీమ్‌ని పిలిచారు. ఊరికే పిలవలేదు, 15 లక్షల డాలర్లిచ్చి పిలిచారు. డబ్బు పుచ్చుకుని మర్యాదగా ఓడిపోయి వెళ్లడం ఇలాంటి అతిథుల పని. మ్యాచ్ ముందు రాత్రి పన్నెండింటికి వేలమంది స్టేడియంలో చేరి, అరుపులకి లీడర్లు చేతులు తిప్పుతుంటే అరుపులు ప్రాక్టీస్ చేశారు. అవును, అరవడానికి ప్రాక్టీస్.

తెల్లారాక ఆడేవాళ్లు మాత్రం ప్రాక్టీస్ చేసినట్టు కనబడలేదు. 60 నిమిషాల ఆటలో 40 నిమిషాల పైన బంతి అతిథుల దగ్గరే ఉంది. వాళ్లు 82 ఎత్తులు ఆడితే వీళ్లు 38. స్కోరు 17-14, అతిథులదే గెలుపు. టీమ్ స్కోరు చేసినప్పుడు పక్కనున్న ప్రియురాలిని ముద్దుపెట్టుకోవడం అక్కడి ఆచారం. ఆ రోజు మొత్తం మీద బంతి గీత దాటించిన టచ్‌డౌన్లు రెండు, ముద్దులు రెండు. కొన్ని కాపురాలు ఆ సీజన్‌లోనే కూలిపోయి ఉంటాయని నా అనుమానం.

మిగతాది చెప్పుకుంటే ఏముంది. వరసగా ఆరు ఓటములు, చివర్లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మీద ఒక గెలుపు, మొత్తం అయిదు గెలుపులు, ఏడు ఓటములు.

ఇదంతా విద్యార్థులు నిలబడి చూశారు. కూర్చోకూడదు, అదీ అక్కడి ఆచారమే. 1922 జనవరిలో డల్లాస్ మ్యాచ్‌లో ఆటగాళ్లు వరసగా దెబ్బలు తిని పడిపోతుంటే, కింగ్ గిల్ అనే కుర్రాడు అవసరమైతే దిగుతానని యూనిఫాం వేసుకుని చివరిదాకా నిలబడ్డాడు. అవసరం పడలేదు. ఆడకుండా నిలబడ్డ ఆ ‘పన్నెండో ఆటగాడికి’ స్టేడియం బయట విగ్రహం ఉంది. సరిగ్గా నూరేళ్లకి పదకొండుమందీ ఆయన్నే ఆదర్శంగా తీసుకున్నారు.

కోచ్ గారు ఇంకో మెట్టు ఎక్కారు. 2021లోనే ఆయన కాంట్రాక్టు 2031 దాకా పొడిగించి, ఏడాదికి 90 లక్షల డాలర్ల పైన ఖాయం చేశారు. 2023 నవంబరులో ఒక శనివారం 51-10తో గెలిచాడు. ఆదివారం తీసేశారు. తీసేసినందుకు దాదాపు 7.6 కోట్ల డాలర్లు. ముందు 1.9 కోట్లు, ఆ తర్వాత 2031 దాకా ఏటా 72 లక్షలు. అంటే ఆయన ఇంట్లో కూర్చుని కాఫీ తాగే ప్రతి రోజుకీ దాదాపు 20 వేల డాలర్లు.

యూనివర్సిటీ వాళ్లని అడిగితే, “ఇది చదువుల డబ్బు కాదండీ, క్రీడా విభాగానిదీ, దాతలదీ” అంటారు. అదే నా మంట! ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టి మన పిల్లలు ఆ దేశం వెళ్తున్నారు. సెమిస్టర్‌లో క్యాంపస్ దాటి పని చెయ్యడానికి మామూలుగా వీల్లేదు, లోపల కూడా వారానికి 20 గంటలే. టెక్సస్‌లో కనీస వేతనం గంటకి 7 డాలర్ల 25 సెంట్లు, 2009 నుంచి పైసా పెరగలేదు. ఆ లెక్కన కోచ్ గారి ఒక్క రోజు ఖాళీకి సరిపడా సంపాదించాలంటే మన కుర్రాడు రెండున్నరేళ్లకి పైగా అంట్లు తోమాలి. ఒక్క మనిషి రాకుండా ఉండడానికి కోట్లు పోసే దాతల్లో, ఆ గిన్నెలు తోమేవాడి వైపు ఒక్కసారి చూసినవాడు ఎవడు? సిగ్గు అనేది ఏ భాషలోనైనా ఒకటే కదా!

ఈ మాటే మొన్న మేనల్లుడితో అన్నాను. నొచ్చుకున్నాడు, పాపం. సరేలే అని మాట మార్చి, ఎడ్యుకేషన్ లోన్ ఇంకా ఎంత ఉందిరా అని అడిగాను.

“వచ్చే ఏడు తీరిపోతుంది మావయ్యా” అన్నాడు.