మొదటి సెమిస్టర్‌లో జర్మన్, ఏడో సెమిస్టర్‌లో చేప

మా బావమరిది కొడుక్కి బీఎఫ్ఎస్సీలో సీటొచ్చింది. అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫిషరీ సైన్స్. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి గుంటూరు బ్రాడీపేటలోని వాళ్లింట్లో పరామర్శలు నడుస్తున్నాయి. వచ్చినవాళ్లు గుమ్మంలో చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, "నీట్‌లో ఎన్ని మార్కుల్లో పోయిందమ్మా?" అని అడిగి, కాఫీ తాగి వెళ్తున్నారు. దేశంలో మొదటి ఫిషరీస్ కాలేజీని 1969లో మంగళూరులో పెట్టారు. మన నెల్లూరు దగ్గరి ముత్తుకూరులో 1991 నుంచీ ఉంది. అయినా మనవాళ్ల దృష్టిలో అది డాక్టరు సీటు రానివాళ్లు కాలక్షేపానికి కూర్చునే అరుగు.

ఇంతవరకూ నేను నోరెత్తలేదు. అందరిళ్లలో ఉండే బాగోతమే కదా అనుకున్నాను. నా ఓపిక చచ్చింది మొన్న ఆదివారం, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక కెరీర్ కౌన్సెలర్ ఏసీ గదిలో. నాలుగేళ్లూ పిల్లాడు ఏం చదవాలో ఆయన ప్లాన్ వేసి ఇస్తాడట. ఫీజు ఎంతో చెప్పను గానీ, ఆ డబ్బుతో మా ఇంటిల్లిపాదీ నెలరోజులు కొర్రమీను పులుసు తినొచ్చు.

ఆయన రంగురంగుల చార్టు తీశాడు. దానికి అప్పటికే లామినేషన్ కూడా అయిపోయింది. మావాడి పేరు అడగకముందే వాడి భవిష్యత్తు ప్లాస్టిక్ తొడుక్కుని కూర్చుందన్నమాట. మొదటి సెమిస్టర్, జర్మన్ భాష. రెండోది పైథాన్. మూడోది ఎందుకైనా మంచిదని మళ్లీ నీట్. నాలుగు, బ్యాంకు పరీక్షల కోచింగ్. ఐదు, ఆరు గ్రూప్స్‌కి రాసిచ్చేశాడు. ఏడో సెమిస్టర్ గడిలో ఓ మూలన, భూతద్దం ఉంటే తప్ప కనపడని అక్షరాల్లో, 'ఫీల్డ్ విజిట్: చేపలు'.

"మరి కాలేజీలో చెప్పే సబ్జెక్టులో?" అన్నాను.

"అవెలాగూ ఉంటాయి సార్, పాసైపోతాడు" అన్నాడు, వానాకాలం దోమలు ఉండవా అన్నంత తేలిగ్గా.

నేను వదల్లేదు. సబ్జెక్టుల జాబితా తీయించాను. 'ఫిషింగ్ క్రాఫ్ట్ అండ్ గేర్' దగ్గర ఆయన కళ్లు మెరిశాయి. "ఇది మంచి డిమాండున్న సబ్జెక్టు సార్. గేర్ వచ్చింది కాబట్టి ఆటోమొబైల్ వైపు కూడా వెళ్లొచ్చు." ఈ చదువులో గేర్ అంటే వల అని నేను చెప్పలేదు. వినోదం చెడిపోతుందని. "మరి క్రాఫ్ట్?" అన్నాను. "బొమ్మలూ అవీ చేయిస్తారండి. స్కోరింగ్." క్రాఫ్ట్ అంటే పడవ. ప్రకాశం బ్యారేజీ పక్కన పుట్టి వేసుకుని తిరిగే మనిషిని తెచ్చి కూర్చోబెట్టినా ఇంతకంటే బాగా ప్లాన్ వేసేవాడు. 'నావిగేషన్' అన్నాను. "గూగుల్ మ్యాప్స్ వచ్చాక దానికి వెయిటేజీ తగ్గింది సార్." 'లిమ్నాలజీ'? చెరువులూ సరస్సులూ నదుల నీళ్లని చదివే శాస్త్రం. ఆయన పెన్ను కొరికి, "అది ల్యాబ్ టెక్నీషియన్లకి" అన్నాడు. కొల్లేటికి వినపడలేదు కాబట్టి సరిపోయింది. 'ఫిష్ పాథాలజీ' అనగానే మాత్రం లేచి నిలబడినంత పని చేశాడు. "పాథాలజీ అంటే డాక్టరు లైనేనమ్మా!" మా చెల్లెమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నీట్ పోయిన తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి శుభవార్త.

ఆ ధైర్యంతో ఆవిడ అసలు ప్రశ్న అడిగేసింది. "మావాడు చిన్నప్పట్నుంచీ గుడ్డు కూడా తినడు సార్. చేపని ముట్టుకోవాలా?"

"ఎక్కడిమాటమ్మా! రికార్డు ఉంటుంది. బొమ్మ వేసి, మొప్పకో గీత, రెక్కకో గీత లాగితే సంతకం పెట్టేస్తారు. ఫార్మలిన్ సీసాలో ఓ చేప ఉంటుంది. దాన్ని కూడా అటెండరే పట్టుకుంటాడు."

అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న పిల్లాడు తలెత్తాడు. "మొదటి సెమిస్టర్‌లోనే చెరువుల దగ్గరికి తీసుకెళ్తారా అండీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి నాకింకా ఒళ్లు మండుతోంది.

వాడడిగిందాంట్లో తప్పేముంది? చెరువుకి తన టైంటేబులు తనకుంటుంది. పగలు ఎండకి నీళ్లలోని ప్లాంక్టన్, అంటే కంటికానని పచ్చటి నాచు, ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయ్యాక అదే ప్లాంక్టన్ చేపలతో పోటీపడి దాన్ని పీల్చేస్తుంది. తెల్లవారుజాముకి ఆక్సిజన్ అడుగంటుతుంది, ముసురు పట్టిన రోజుల్లో మరీను. బొచ్చెలూ శీలావతులూ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రొయ్యల చెరువులో కరెంటు పోయి, నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగితే ఇక చెప్పక్కర్లేదు. చేప చచ్చేది నాలుగింటికి. మన క్లాసు తొమ్మిదిన్నరకి, అదీ పవర్‌పాయింట్ మీద.

ఏది ముందు చదవాలి, ఏది తర్వాత అన్నది చార్టులో రంగుల గొడవ కాదయ్యా. నీళ్లలో అమ్మోనియా అంతే ఉన్నా, పీహెచ్ పెరిగితే దాని విషం పెరుగుతుంది. ఈ ఒక్క ముక్క రాకుండా జబ్బుల పాఠానికి దూకినవాడు ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి సున్నం చల్లమంటాడు. రైతు చల్లుతాడు. ఆ సున్నం పీహెచ్‌ని ఇంకా పైకి తోస్తుంది.

తెల్లమచ్చ వైరస్ మన దేశంలో రొయ్యల చెరువుల్లోకి 1994లో వచ్చింది. టైగర్ రొయ్య రైతుల్ని ముంచింది. 2009లో వనామీ రకం రొయ్య వస్తే దాన్నీ వదల్లేదు. దానికి అప్పుడు మందు లేదు, ఇప్పుడూ లేదు. అయినా షాపులో సీసా ఉంటుంది! సీసా మీద రొయ్య బొమ్మ ఉంటుంది. అప్పు ఖాతాలో రాసుకుంటారు, రొయ్యలు పట్టి అమ్మే రోజున వడ్డీతో కోసుకుంటారు. రైతుకి డాక్టరెవరంటే ఆ సీసా అమ్మేవాడు. చేపల చదువు చదివినవాడేమో నాలుగో సెమిస్టర్ కోచింగ్ పుణ్యమా అని బ్యాంకులో కూర్చుని, అదే రైతు పెళ్లాం తాకట్టు పెట్టే గాజులు తూకం వేయిస్తుంటాడు. సిగ్గుండాలి మనకి.

బుధవారం తెల్లవారుజామున నాలుగుంపావుకి ఫోను మోగింది. కలిదిండి నుంచి మా బాబాయ్. ఆయనకి చేపల చెరువుంది. వెనక నీళ్లు తోడే ఇంజను చప్పుడు.

"ఏరా, మీ బావమరిది కొడుకుది చేపల చదువన్నావుగా. చేపంతా పైకి తేలుతోందిరా. ఏం చెయ్యాలో ఒక్కసారి ఆ కుర్రాణ్ణి కనుక్కో."

"వాడిదింకా మొదటి సెమిస్టరే బాబాయ్" అన్నాను. "ఇప్పుడు జర్మన్ నడుస్తోంది."

కాసేపు ఇంజను చప్పుడే వినపడింది.

"జర్మనీలో చెరువులున్నాయట్రా?" అన్నాడు.